బేరమాడి తెచ్చిన రుజువు

రెండేళ్ళు పడుతుందన్న పరిశోధనను ఎనిమిది నెలలకు దించిన మనిషి మా వీధిలో నేనొక్కదాన్నే. పట్టుచీరల అంగడిలో కూడా నాకు ఎవరూ అంత తగ్గించి ఇవ్వలేదు. ఆ పరిశోధన చెయ్యడానికి వచ్చిన అమ్మాయి నాలుగు షరతులు పట్టుకుని వచ్చింది. మూడు కొట్టేసి, నాలుగోదాన్ని మూడో వంతుకు తెచ్చి పంపాను. పాపం, బేరం తెలియని పిల్ల, అసలు ధర ముందే చెప్పేసింది. ఆ మధ్యాహ్నం గల్లా దగ్గర కూర్చుని నన్ను నేను మెచ్చుకుంటూ రెండో కాఫీ తెప్పించుకున్నాను.

నేను పుట్టింది పాత్రల అంగడి ఇంట్లో. మెట్టింది అదే వీధిలో నాలుగు గడపల అవతల, బొత్తాలు, లేసులు, లైనింగ్ గుడ్డ అమ్మే ఇంట్లో. కోయంబత్తూరులో మా పాత వీధికి ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మా వాళ్ళు ఆంధ్రా వదిలి ఎన్ని తరాలైందో లెక్క తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బడి చదువు తమిళంలోనే అయినా, మా తాత పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు, పాత రేకు ముక్క మీద, పాత్రలకు పేర్లు చెక్కే ములికితో. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. మా వీధిలో దీన్ని చదవగలిగినవాళ్ళు నలుగురుంటారేమో.

మా సంఘానికి ఒక కల్యాణ మండపం ఉంది, దాని వెనక ఖాళీ స్థలం. అందులో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. తమిళంలో పూప్పందు అంటారు, పసుపురంగు ఉన్ని బంతితో అటు ఐదుగురు ఇటు ఐదుగురు ఆడే ఆట. మొదట మగవాళ్ళు ఆడేవారు. వాళ్ళ మోకాళ్ళు పోయాక ఆ చోటు ఊరికే పడి ఉంటే, ఆడవాళ్ళం ఆడడం మొదలుపెట్టాం. పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా, అంగళ్ళ తలుపులు లేచేలోపల. నేను ఆడగలిగేది తక్కువ. వాదించి పాయింట్లు తెచ్చే రకం.

సంఘం అధ్యక్షుడు నాకు మామ వరస. ఒట్టన్‌చత్రం మార్కెట్టులో టమాటా కమిషన్ వ్యాపారం చేసి తల నెరిసినవాడు. ఆ స్థలం చూస్తే ఆయనకు కార్లు కనిపించేవి. మండపంలో పెళ్ళి జరిగితే కార్లు వీధి చివరిదాకా నిలుస్తాయి, పోలీసులు వస్తారు, తాళి కట్టే వేళకు పెళ్ళికొడుకు తండ్రి బయట కారు జరుపుతూ ఉంటాడు. సిమెంటు వేసి ఆ చోటు కార్లకు ఇచ్చేద్దామన్నాడు మామ. కాదనడానికి మా దగ్గర కారణమేమీ లేదు, ఆడుకోవాలని ఉంది అన్నది తప్ప. అప్పుడే అవినాశి దారిలో మిల్లు ఉన్న ఒక కుటుంబం వారి ధర్మసంస్థ ఒక మాట పంపింది. ఆట వల్ల ఆడేవాళ్ళకే కాక చుట్టుపక్కల అందరికీ మేలు కలుగుతోందని రుజువు చూపిస్తే, స్థలం బాగోగులు తామే చూసుకుంటామని. మామ సరేనన్నాడు. రుజువు వస్తే కార్లకు వేరే తావు, రాకపోతే వచ్చే పెళ్ళిళ్ళ కాలానికి సిమెంటు.

రుజువు చెయ్యడానికి సంస్థ పంపిన పరిశోధకురాలే ఆ అమ్మాయి. మదురై పక్క పాత తెలుగు కుటుంబం పిల్ల. మా తెలుగు విని ఆ అమ్మాయి నవ్వేది, ఆ అమ్మాయి తెలుగు విని మేం నవ్వేవాళ్ళం. షరతులు ఇవి: రెండేళ్ళు కావాలి. ఆటస్థలం లేని ఇంకో వీధిలో కూడా అవే ప్రశ్నలు అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అడిగేవాళ్ళు బయటివాళ్ళై ఉండాలి. ఒక్కొక్కరినీ ఒంటరిగా, తలుపు వేసి అడగాలి.

రెండేళ్ళకు సిమెంటు ఆరి పగుళ్ళు కూడా వస్తాయన్నాను. ఇంకో వీధి మంచిచెడ్డలు మనకెందుకన్నాను. బయటివాళ్ళకు మా వాళ్ళు నోరు విప్పరు, నేనే అడుగుతానన్నాను. ఒంటరిగా కూర్చోవడానికి అంగడివాళ్ళకు తీరికెక్కడ, గల్లా దగ్గరే నాలుగు ముక్కలు అడిగేస్తానన్నాను. ఆ అమ్మాయి ఓపికగా చెప్పి చూసింది. చివరికి, "అక్కా, మీరు తగ్గిచ్చేకొద్దీ దాంట్లో సరుకుండదు" అంది. ప్రతి అంగడివాడూ అనే మాటే కదా అని నవ్వాను.

నాకు అంత తొందర ఎందుకంటే, మా వదిన.

మా అన్న భార్య. పాత్రల అంగడి ఇంటి పెద్దకోడలు. ఇత్తడి బిందెను వేలితో తట్టి దాని బరువు చెప్పే మనిషి. ఏడేళ్ళ కిందట ఆమెకు గడప దాటాలంటే భయం పట్టుకుంది. కారణమంటూ ఏదీ లేదు. వీధిలోకి అడుగు పెడితే గుండె దడ, అరచేతుల్లో చెమట. మా వీధి డాక్టరు దగ్గరికి పోతే మందు కన్నా ముందు వార్త ఇల్లు చేరుతుంది. అందుకని ఉడుమలైపేటలో చుట్టాల కొబ్బరితోట చూసి వస్తామని చెప్పి, ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోగా, ఇద్దరం బస్సులో అక్కడి డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళం. మా అన్నకు తెలియదు. ఆడవాళ్ళకు కొబ్బరిచెట్లలో ఇంత ఏం కనపడుతుందని ఆశ్చర్యపోయేవాడు. మాత్రలను వదిన కొత్తమల్లి పొడి డబ్బాలో, పొడి అడుగున చిన్న సంచిలో కుక్కి దాచేది. మా వైపు ధనియాలను కూడా కొత్తమల్లి అనే అంటాం. ఆమె వేయించి కొట్టిన పొడి అంటే వీధి వీధికీ ఇష్టం. నెలకోసారి ఇంటింటికీ గిన్నెలో పంపేది. ఆ డబ్బాలో చెయ్యి పెట్టే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు.

పాత్రల ఇంటి పెరటిగోడకు అవతలే ఆటస్థలం. ఒకరోజు బంతి ఆ పెరట్లో పడితే, తలుపు ఓరగా తీసి చెయ్యి మాత్రం బయటపెట్టి ఇచ్చింది. మర్నాడు కూడా పడింది. ఆ మర్నాడు కూడా. నేను ఆడగలిగేది తక్కువని ముందే చెప్పాను. కొన్నాళ్ళకు చెయ్యితోపాటు మనిషి కూడా తలుపు దాటింది. ఏడాది తిరిగేసరికి వెనక వరసలో నిలబడి, గెలిచినవాళ్ళను ఓడినవాళ్ళకన్నా ఎక్కువ ఎగతాళి చేస్తూ ఆడేది. డాక్టరు మాత్రలు తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపేశాడు. ఆటవల్లేనా అంటే, అదీ ఒకటి, వదలకండి అన్నాడు.

స్థలం పోతే మా అందరికీ ఓ కాలక్షేపం పోతుంది. వదినకు మాత్రం గడప మళ్ళీ ఎత్తు పెరుగుతుంది. నా దగ్గరున్న గట్టి రుజువు అదొక్కటే, అది కాగితం మీద పెట్టకూడనిది. కాబట్టి మిగిలిన వీధి చేత చెప్పించాలని బయలుదేరాను.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. మా వీధిలో లాభం నోటితో చెప్పరు. దీపావళి ముందు రోజు అంగడిలో కాలు పెట్టే చోటు లేకపోయినా, వ్యాపారం ఎలా ఉందని ఎవరైనా అడిగితే మా నాన్న "ఏదో, పోతా ఉండాది" అనేవాడు. దిష్టి భయం ఒకటి, పన్నువాళ్ళ భయం ఒకటి, చేబదులు అడిగే చుట్టాల భయం ఒకటి. బాగుందని పైకి అంటే మర్నాటికి అది ఉండదని పాలు తాగే వయసులోనే నేర్పుతారు. ఇదంతా నాకు తెలుసు. నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా ఆ కాగితాలు పట్టుకుని, కొనేవాళ్ళు నిలబడి ఉండగా, లోపల అత్తగారు చెవి ఒగ్గి ఉండగా, ఈ ఆట వల్ల మీకేమన్నా మేలు కలిగిందా అని గల్లా దగ్గర అడిగాను. మొదట్లో ఒకసారి, ఎనిమిది నెలల తర్వాత ఇంకోసారి.

మా పచారీ అంగడి ఆవిడ ఏళ్ళ తరబడి నిద్ర లేక అల్లాడింది. ఆటలో చేరాక, పక్కన పిడుగు పడినా లేవడం లేదని నెట్టు దగ్గర నాతోనే అంది. గల్లా దగ్గర అడిగితే, నిద్రకేం, ఎప్పటి మాదిరేనంది. గోడ తగాదాతో ఏళ్ళుగా మాటల్లేని రెండిళ్ళ కోడళ్ళు ఒకే జట్టులో ఆడి, ఈమధ్య సాంబారు గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే దాకా వచ్చారు. ఇరుగుపొరుగుతో ఎలా ఉన్నారని అడిగితే ఇద్దరూ ఒకే జవాబు ఇచ్చారు, మాకేం, ఎప్పుడూ బాగనే ఉండామని. గోడ గురించి ఏ కాగితంలోనూ లేదు. వదిన సరేసరి. పక్కన మా అన్న కూర్చుని ఉన్నాడు. "ఏముండాది, అట్లనే ఉండాను" అని, నాకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపింది.

కాగితాలన్నీ లెక్కకట్టి మదురై నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది.

"అక్కా, వీటిని నమ్మితే ఆట వల్ల ఏమీ మారలేదు. అప్పుడెట్లుండిరో ఇప్పుడూ అట్లనే ఉండారు."

అందరూ అబద్ధాలు చెప్పారన్నాను.

"అందరూనా?"

"లాభం ఉంది గనకనే అబద్ధం చెప్పినారు. లేకుంటే నిజం చెప్పేవాళ్ళు."

"అది ఏ గడిలో రాసేది అక్కా?" అంది నీరసంగా.

అడిగిన చోటు తప్పు, అడిగిన మనిషి తప్పు అని నన్ను అనలేదు. అనే హక్కు ఉంది, అనలేదు. ఒకరిద్దరు తమ అనుభవం తమ మాటల్లో చెబితే, మనిషి ఎవరో బొత్తిగా తెలియకుండా రాయవచ్చునంది. అది లెక్కకు సాటి రాదు, కానీ వినేవాళ్ళు వింటారట. రాశాక తనకు ఒకసారి చూపించమంది.

ముందు మామ దగ్గరికి పోయాను. ఉన్నవాటిలో నాలుగు మంచి కాగితాలు పైన పెట్టి ఇచ్చాను. ఆయన చదవకుండానే కట్టను తిరగేశాడు. "ఇవి పెట్టెలో పైవరస టమాటాలమ్మా. అడుగువరస చూపించు" అన్నాడు. అడుగున చూపించడానికి ఏమీ లేదు. ఆదివారం మీటింగులో తేల్చేద్దామన్నాడు.

వదినను అడగడానికి మూడు రోజులు ఆగాను. నేను వెళ్ళేసరికి వంటింట్లో కొత్తమల్లి వేయిస్తోంది.

"వదినా, నీ సంగతి రాయనా?"

"నా సంగతేముండాది?"

"ఉడుమలైపేట సంగతి."

ఆమె గరిటె ఆపలేదు. "కొబ్బరితోట గురించి రాసుకో."

నేను బేరానికి దిగాను. పేరు పెట్టనన్నాను. వయసు పెట్టనన్నాను. ఏ అంగడి ఇల్లో చెప్పనన్నాను. ఒక్కొక్కటే తీసేస్తూ ఆమెను ఒక్కొక్క మెట్టే దించాను, ఎదుటివాళ్ళు వద్దంటూనే చెయ్యి సంచిలోకి పోనిచ్చే క్షణం కోసం చూసే పాత అలవాటుతో. చివరికి పొయ్యి కట్టేసింది.

"నేనని తెలిస్తే?"

"తెలీదు."

"మీ అన్నకి?"

"అన్నకు కొబ్బరిచెట్లే తెలుసు."

ఆమె నవ్వలేదు. "నాకి జాలి చూపేవాళ్ళు వొద్దుమ్మా. నన్ను జూసి ఎవురూ తల పక్కకి వాల్చి మాట్లాడకూడదు. అది తప్ప ఏమన్నా రాసుకో. స్థలం పొయిందంటే నేను మళ్ళా ఈ పొయ్యి కాడనే గదా."

ఇంటికి వచ్చి తమిళంలో ఒక పేజీ రాశాను. పేరు లేదు, వయసు లేదు, అంగడి లేదు, ఊరు లేదు. మాత్రలు ఇంట్లో దాచుకునేది అని రాశాను. చదివితే చప్పగా ఉంది, ఎవరి గురించైనా రాసినట్టుంది. కొత్తమల్లి పొడి డబ్బాలో దాచుకునేది అని దిద్దాను. అప్పుడు అది కళ్ళతో చూసినట్టు అయింది. సరుకు అమ్ముడుపోవాలంటే ఒక పోగు మెరవాలి. ఆ అమ్మాయికి చూపిస్తానన్నాను. ఆదివారం దగ్గర పడింది, చూపించలేదు.

ఆ డబ్బా ఎవరిదో వీధికి తెలిసిపోతుందని నేను నిజంగా గమనించలేదా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. మా ఇంట్లో అయితే ఆ పొడి ఆ రోజు కూడా అలమరలో ఉంది.

మీటింగు మండపం భోజనాల హాల్లో. ముందు మగవాళ్ళు, వెనక గోడ వెంట ఆడవాళ్ళు. అంకెల గురించి నేను తొందరగా చెప్పి, పేజీ చదివాను. డబ్బా దగ్గరికి వచ్చేసరికి హాలు మారిపోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. అంతమంది ఒకేసారి ఒక మనిషి వైపు చూడకుండా కూర్చోవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. మా అన్న తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. నేను ఆగకుండా చివరిదాకా చదివాను, ఆగితే ఇంకా తెలిసిపోతుందని, తెలిసిపోయాక కూడా.

మామ నా చేతిలోని పేజీ తీసుకున్నాడు. "ఇది అడుగువరస" అన్నాడు మెల్లగా. "స్థలం ఉండనీ."

అందరూ లేచారు. వదిన ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు నేను బంతిని పెరట్లోకి కొట్టాను. కాసేపటికి బంతి గోడ మీదుగా వచ్చి పడింది. తలుపు తెరుచుకోలేదు. నాలుగో రోజు కొట్టే ధైర్యం నాకు లేకపోయింది.

వీధి ఆమెను మాటలంటే నేను పోట్లాడి ఉండేదాన్ని. వీధి మంచిగానే ఉంది, అదే ఇబ్బంది. ఆడవాళ్ళు పాయసం పట్టుకుపోయారు. తల పక్కకి వాల్చి, ఇప్పుడెట్ల ఉండాదక్కా అని గొంతు తగ్గించి అడిగారు. లాభం గురించి పెదవి కదపని మనుషులకు నష్టం గురించి అడగడం ఎంత బాగా వచ్చో నాకు అప్పుడే తెలిసింది. మా అన్న ఆమెను ఒంటరిగా ఎక్కడికీ పంపడం మానేశాడు. అంగడికి, కోవెలకు, ఆఖరికి పక్కింటికి కూడా తోడు వెళ్తున్నాడు. ఆయనకు తెలిసిన ప్రేమ అంతే. ఇంటింటికీ గిన్నెలో పొడి రావడం ఆగిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు, పాకెట్లు కొనుక్కుంటున్నారు.

వదిన నాతో తగాదా పడలేదు. పడితే బాగుండేది. తగాదా అంటే ఇరుపక్కలా బేరముంటుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన రోజు, నా వీపు మీద చెయ్యి వేసి, "అందురూ నన్ను గాజు సామాను మాదిరి పట్టుకుంటా ఉండారు" అంది. "మనది పాత్రల అంగిడి గదమ్మా." మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ అమ్మాయి మదురై నుంచి వచ్చి పేజీ చదివింది. సంస్థకు పంపే కాగితంలో డబ్బా మాట తీసేసింది. అప్పటికే వీధంతా విన్నాక అది తీసి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. ఒక్క పేజీ చాలదు, పరిశోధన మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలంది. రెండేళ్ళు, ఇంకో వీధి, బయటివాళ్ళు, తలుపు వేసిన గది. నేను ఒక్క షరతు కూడా తగ్గించమనలేదు. అలసిపోయాను. ప్రశ్నలు అడిగే పిల్లలకు మండపంలో ఒక గది తెరిపించి, కాఫీ పంపుతూ, గడప దగ్గరికి కూడా పోకుండా రెండేళ్ళు గడిపాను.

తలుపు వేసిన గదిలో మా వాళ్ళు నిజం చెప్పారు, కనీసం కొంత. ఫలితం పెద్దదేం కాదు. నిద్ర కాస్త నయం. ఒకరికొకరు కాస్త ఎక్కువ తెలుసు. ఆడని ఇళ్ళల్లో కూడా, కష్టం వస్తే పిలవగల గడపలు ఒకటి రెండు పెరిగాయి. అంతే. ఇంత చిన్నదా అంటే, "నిజమైన రుజువు ఇంతే ఉంటాది అక్కా. పెద్దదంటే నాకి అనుమానం" అంది ఆ అమ్మాయి. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఏదో, పోతా ఉండాది. కాగితం చివర, ఆట మానేసినవాళ్ళ పట్టిక ఒకటి ఉంది. అందులో ఒకరి పక్కన కారణం ఇంటిపని అని ఉంది. పేరు లేదు. అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. పూర్తిగా చెబుతాను. నేను మిగిల్చిన పదహారు నెలలు తిరిగి కట్టాను, దాని మీద నేను పారేసిన ఎనిమిది నెలలు అదనం. ఆ రుజువుకు సంస్థ ఒప్పుకుంది, స్థలం నిలిచింది. పెద్ద ముహూర్తాల రోజుల్లో మాత్రం కార్లు వస్తాయి, మర్నాడు చక్రాల గుంతలు మేమే పూడ్చుకుంటాం. ఆటకు కొత్తవాళ్ళు చేరారు. గోడ తగాదా ఇళ్ళ మధ్య ఇప్పుడు చిన్న గేటు ఉంది. ఇదంతా వచ్చింది. ఇచ్చింది, ఒక మనిషి పొద్దుటి గంటన్నర, ఆమె ఇంటింటికీ పంపే గిన్నె, నన్ను నమ్మి ఒప్పుకున్న మాట. ఇచ్చినవి ఏవీ నావి కావు. ఇంకొకరి సరుకుతో బేరం గెలిచాను. డాక్టరు దగ్గరికి ఇప్పుడు మా అన్నే తీసుకుపోతాడు, మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, దాచాల్సిన పని లేదు గనక బల్ల మీదే ఉంటాయి.

ఇది రాయడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వదినకు తెలుగు చదవడం రాదు, ఆ ధైర్యంతో రాస్తున్నాను, అది మంచి ధైర్యం కాదు. ఆ డబ్బాలో నిజంగా ఉండేది కొత్తమల్లి పొడి కాదు, ఇంటింటికీ పంపేదీ అది కాదు. ఈసారి మార్చి రాశాను. అరనిమిషం పట్టింది.